రైఫిలు తూటాల పునఃపూరణము: రాయచూరు మండలమున దాని లాభనష్టములు

ఒకసారి కాల్చిన రైఫిలు తూటాయొక్క ఇత్తడి గుల్లను పాఱవేయక, దానిని శుభ్రపఱచి, ప్రేలుడువలన ఉబ్బిన దేహమును పూర్వపు కొలతకు దిద్ది, అడుగున నిప్పు పుట్టించు క్రొత్త ప్రైమరు గ్రుచ్చి, లోపల మందు తూచి పోసి, మూతిలో క్రొత్త గుండు బిగించి, మరల కాల్పునకు యోగ్యముగా జేసికొనుటకు పునఃపూరణమని పేరు. కర్మాగారమున తయారైన తూటాను కొనుటకంటె ఈ విధముగా ఇంట నింపుకొన్న తూటా చౌకయనియు, గురికాల్పు సాధన చేయువారికి దీనివలన గొప్ప ఆదా కలుగుననియు పాశ్చాత్య దేశములలో, ముఖ్యముగా అమెరికాలో, చిరకాలముగా ఒక ప్రతీతి కలదు. ఆ ప్రతీతి యెంతవఱకు నిజమో, ఉత్తరమున కృష్ణయు దక్షిణమున తుంగభద్రయు హద్దులుగా గల రాయచూరు మండలమున నివసించు గురికానికి అది యేమాత్రము వర్తించునో నిర్ణయించుట యీ వ్యాసమునకు ఉద్దేశము.

తుపాకి గురిని గూర్చిన విచారమునకు రాయచూరు తగిన చోటు. కాకతీయుల కాలమున, 1294లో, రాతితో కట్టబడిన ఇచ్చటి కోట గోడల క్రిందనే దక్కనులో గురిచూచి కాల్చు విద్యయొక్క బలము మొదటిసారి స్పష్టముగా వెల్లడియైనది. 1520 మే 19వ తేదీన శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిలు ఆదిలుషాను యుద్ధభూమిలో ఓడించి, తిరిగి కోటముట్టడికి పూనుకొన్నప్పుడు, గుఱ్ఱముల వర్తకమునకై వచ్చిన క్రిస్తోవావు ద ఫిగైరేదు అను పోర్చుగీసు నాయకుడు ఇరువదిమంది తుపాకివారితో రాయల శిబిరమును చేరెను. తుపాకిదెబ్బ యెంతదూరము వచ్చునో యెఱుంగని కోటవారు గోడలపైన నిర్భయముగా కనబడుచుండగా వారిని ఒక్కొక్కరినే గురిచూచి కూల్చుటకు అతడు అనుజ్ఞ వేడెను. ఆ గుండ్లకు వెఱచి రక్షకులు గోడలు విడువగా, పునాదిరాళ్లను పెకలించు పనికి అడ్డు తొలగెను. పోర్చుగీసువా రెచ్చటనున్నారో చూచుటకై కోటపాలకుడు గోడసందునుండి మేను వంచగా, ఒక గుండు అతని నుదుట నడుమ తగిలి ప్రాణము తీసెను. కోట లొంగిపోయెను. ఈ వృత్తాంతమును న్యూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసియుంచగా, రాబర్టు స్యూయెలు 1900లో దానిని ఆంగ్లమున ప్రకటించెను.

ఆ ఇరువదిమందిలో ప్రతివాడును తన తుపాకిని తానే నింపుకొనినవాడు. పెట్లుప్పు, గంధకము, బొగ్గు కలిసిన తుపాకిమందును గొట్టము మూతినుండి పోసి, గుండును దిగదట్టి, జామగిరి నిప్పుతో అంటించుట నాటి పద్ధతి. అప్పుడు పారవేయదగిన వస్తువు తుపాకిలో ఏదియు మిగులదు. గావున పునఃపూరణమను మాటకు అర్థమే లేదు. అందులకు అవకాశము కలిగినది పందొమ్మిదవ శతాబ్దమున, మందును, గుండును, నిప్పును ఒక్క ఇత్తడి గుల్లలో ఇమిడ్చిన పిదపనే. 1860 దశాబ్దమున ఇంగ్లండువాడైన బాక్సరును, అమెరికావాడైన బెర్డానును చెఱియొక విధమైన ప్రైమరును కల్పించిరి. బాక్సరు పద్ధతిలో గుల్ల అడుగున నడుమ ఒక్క రంధ్రముండుటచే సన్నని సూదితో పాత ప్రైమరును లోపలినుండి నెట్టివేయవచ్చును. బెర్డాను పద్ధతిలో రెండు చిన్న రంధ్రములు ప్రక్కలకుండుటచే ఆ పని మిక్కిలి కష్టసాధ్యము. ఇంగ్లండువాని ప్రైమరు అమెరికాలో నిలిచి, అమెరికావానిది యూరపు సైన్యములలో నిలిచినది. అమెరికాలో పునఃపూరణము ఇంటింటి పనియగుటకు ఈ తాఱుమాఱు ఒక ముఖ్యకారణమని నా అభిప్రాయము.

ఆదా యెచ్చటనుండి పుట్టునో తెలియుటకు తూటాను విప్పిచూడవలెను. గుల్ల, ప్రైమరు, మందు, గుండు అను నాలుగు అంగములలో వెల అధికమైనది సాధారణముగా గుల్లయే. సుమారు నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము గల ఇత్తడిని పలుమారులు సాగదీసి, నడుమనడుమ కాచి మెత్తపఱచి దానిని తయారుచేయుదురు. ప్రేలుడులో ఖర్చగునవి తక్కిన మూడును; గుల్ల మిగులును. అయినను అది అక్షయము కాదు. ప్రతి కాల్పున ఉబ్బి, ప్రతి దిద్దుబాటున నొక్కబడి, ఇత్తడి క్రమక్రమముగా పెళుసెక్కి మెడవద్ద చీలును. కొన్ని అడుగుకు పైభాగమున పలుచనై తెగిపోవును. ఒక గుల్ల ఎనిమిది పర్యాయములు పనిచేసినచో దాని వెలలో ఎనిమిదవవంతును ప్రతి తూటాకు లెక్కకట్టవలయునేగాని, చేతిలో నున్నదిగదా యని సున్న వేయరాదు. ఆదాను ఘనముగా చెప్పువారు తఱచుగా చేయు తప్పు ఇదియే.

మందు లెక్క సులభము. ఒక పౌనుకు 7000 గ్రెయిన్లు. తూటా ఒక్కంటికి 40 గ్రెయిన్లు పట్టునని అనుకొన్నచో ఒక పౌను మందు 175 తూటాలకు వచ్చును. (ఇది లెక్కకై తీసికొన్న అంకె; నింపుటకు ప్రమాణము కాదు.) ప్రైమరునకు, గుండునకు ఇట్లే వెల కట్టి మొత్తము చేసినయెడల, పెద్ద రైఫిళ్ల నాణ్యమైన పందెపు తూటాల విషయమున, అంగములు స్వేచ్ఛగా దొరకు దేశములలో, ఇంటి తూటా కొన్న తూటాకంటె చౌకగనే తేలును. సైన్యపు మిగులు సరకువలె గుట్టలుగా అమ్ముడువోవు సాధారణపు తూటాల విషయమున ఆ యంతరము మిక్కిలి సన్నగిలును, ఒక్కొక్కప్పుడు కనబడదు కూడ.

ఇక పరికరములు. నొక్కుయంత్రము, కొలతకు దిద్దు అచ్చులు, సూక్ష్మమైన త్రాసు, పొడవు చూచు కొలబద్ద, గుల్లలను తోము తొట్టి మొదలైనవాని వెలను తూటా ఒక్కంటికి మిగులు సొమ్ముచే భాగించినచో ఎన్ని తూటాలు నింపిన తరువాత పెట్టుబడి చేతికి వచ్చునో తెలియును. ఉదాహరణకు పరికరములకు 40,000 రూపాయలును, తూటాకు 40 రూపాయల మిగులును ఊహించుకొన్నచో, మొదటి వేయి తూటాలవఱకు ఒక్క రూపాయియు మిగులదు. ఏడాదికి 200 తూటాలు కాల్చువానికి ఇది అయిదేండ్ల నిరీక్షణము. 3000 కాల్చువానికి నాలుగు నెలలు. కనుక ప్రశ్నకు సమాధానము తూటా వెలలోకంటె కాల్చువాని సంఖ్యలో ఎక్కువగా నున్నది. ఒక్కొక్క తూటాను ఒక్కొక్క మెట్టున చేతితో నడుపు సామాన్యపు యంత్రముపై గంటకు సుమారు 50 తూటాలు తయారగునని యనుభవజ్ఞుల మాట; ఆ గంటకు కూలి కట్టినచో మిగులులో చాలభాగము మాయమగును. అనుభవజ్ఞులే చెప్పు మఱియొక సత్యమున్నది: తూటా చౌకయైనకొలది కాల్చు తూటాలు పెరుగును, సంవత్సరాంతమున ఖర్చు తగ్గదు. దానిని నష్టమనజాలము, గురి కుదురుటకు ఎక్కువ కాల్చుటయే మార్గము. కాని ఆదా యనుటయు సరికాదు.

అయినను అనుభవజ్ఞులు పునఃపూరణమును విడువకుండుటకు వేఱొక హేతువు కలదు. 300 మీటర్ల దూరమున గుండ్లన్నియు ఒక్కచోట పడవలెనన్న ప్రతి తూటాలో మందు తూకము, గుండు దిగిన లోతు, గుల్ల మెడ బిగువు ఒక్కతీరుగ నుండవలెను. ఆ తూటా తన రైఫిలు గొట్టమునకే ఒదుగవలెను. ఈ శ్రద్ధ వేలమందికై ఒక్కమూసలో చేయు కర్మాగారమున లభింపదు. పునఃపూరణముయొక్క నిజమైన ఫలము సూక్ష్మతయేగాని డబ్బు కాదు.

ఇప్పుడు రాయచూరునకు వత్తము. ఇచ్చటి యువకుడు గురికాల్పు క్రీడయందు ప్రవేశించినచో అతడు పట్టున దేది? ఒలింపిక్ పోటీలలో నేడున్న రైఫిలు పందెములు రెండే తరగతులు: 10 మీటర్ల గాలితుపాకి, 50 మీటర్ల 0.22 అంగుళపు రైఫిలు. 300 మీటర్ల పందెము 1972 మ్యూనికుతో ఒలింపిక్ క్రీడలనుండి తొలగి, ప్రపంచ ఛాంపియన్‌షిప్పులలో మాత్రము నిలిచియున్నది. 0.22 తూటాలో ప్రైమరు విడిగా నుండదు. అంటుకొను పదార్థము గుల్ల అంచు మడతలో పూయబడియుండును, రైఫిలు సూది ఆ యంచును నలిపి నిప్పు పుట్టించును. ఒకసారి నలిగిన యంచు మరల పనికిరాదు. గాలితుపాకికి గుల్లయే లేదు, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు మాత్రమే. గురికాల్పు మైదానములలో సాధనచేయు మన గురికాండ్రలో అత్యధికులు వాడు రెండు ఆయుధములయందును పునఃపూరణమునకు చోటు లేదన్నమాట. వాదమంతయు మూలముననే సగము తెగినది.

మిగిలినది పెద్ద రైఫిలు. 0.303 వంటి సైనికపు కొలతలు పౌరులకు నిషిద్ధములగుటచే మన దేశమున పౌరుల చేతిలో ప్రబలినది ఇషాపూరు కర్మాగారపు 0.315 అంగుళపు రైఫిలు. దీనికి తూటాలు ప్రభుత్వ కర్మాగారములనుండి వచ్చును. 1869లో స్థాపితమైన పూనా సమీపమున నున్న ఖడ్కీ తూటాల కర్మాగారము 2021 అక్టోబరు 1 నుండి మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ క్రిందికి చేరినది. లైసెన్సుదారునికి ఏటికి ఇన్ని తూటాలని హద్దు నిర్ణయింపబడి లైసెన్సుపైననే వ్రాయబడును. వేల తూటాల కాల్పుమీద మాత్రమే ఫలించు పెట్టుబడికి, హద్దు గీచిన తూటాలతో గడుపు రైఫిలుదారుడు ఏనాటికిని అర్హుడు కాజాలడు.

అన్నిటిని మించినది చట్టము. 1959 ఆయుధ చట్టము తూటాయను పదమునకిచ్చిన నిర్వచనములో తూటా భాగములు, తూటాలు చేయు యంత్రసామగ్రి కూడ చేరియున్నవి. అయిదవ విభాగము ప్రకారము లైసెన్సు లేక ఆయుధములనుగాని తూటాలనుగాని తయారుచేయరాదు. 2019 సవరణానంతరము ఆ విభాగమును మీఱి తయారుచేసినవానికి ఏడేండ్లకు తక్కువకాని, యావజ్జీవమువఱకు పెరుగగల శిక్ష విధింపబడును. అమెరికాలో అంగడికి పోయి ప్రైమర్లు, మందు కొనితెచ్చుకొను స్వేచ్ఛపై ఆధారపడిన లెక్కలను ఇచ్చటికి ఎత్తి తెచ్చుట, కృష్ణ ఒడ్డు పంటను మెట్టచేనులో విత్తుటవంటిది. రాయచూరు, దేవదుర్గము, సింధనూరు ప్రాంతములలో ఎవరైనను వినికిడి మాటలు నమ్మి ఇంట ఈ పనికి దిగినచో, వారికి కలుగునది ఆదా కాదు, కారాగారము.

ప్రకృతియు ఈ పనికి ఇచ్చట అనుకూలింపదు. రాయచూరున వేసవి యెండ 40 డిగ్రీల సెంటిగ్రేడును దాటును. మందు వేడెక్కినకొలది దాని దహనవేగము, గొట్టములోని ఒత్తిడి పెరుగును. మార్గశిరమున చల్లని వేళ సురక్షితమని తేలిన తూకము, వైశాఖమున మధ్యాహ్నపుటెండలో మోటారుబండిలో ఉంచిన తూటాలలో ప్రమాదకరము కావచ్చును. మందు మాఱినను, ఒకే గుల్లలో రెండుమారులు పోసినను, తుపాకి పగిలి చూపును, చేతిని హరింపగలదు. కర్మాగారపు తూటా వెలలో ఈ పరీక్షల మూల్యము చేరియుండుననుట మఱువరాదు.

ఖర్చు తగ్గించుకొనదలచిన సాధకునికి మన నేలపై తెఱచియున్న దారి వేఱు. 2016 ఆయుధ నియమముల ప్రకారము, గొట్టము 0.177 అంగుళమునకును, శక్తి 20 జౌళ్లకును మించని గాలితుపాకికి లైసెన్సు అక్కఱలేదు. ఒక తూటాకు పెట్టు సొమ్ములో స్వల్పభాగముతో ఒక సీసపు గుండు లభించును. 10 మీటర్ల చోటు పాఠశాల వసారాలోనైనను దొరకును. అచ్చటి లక్ష్యములో పదిపాళ్ల చుక్క వ్యాసము అర మిల్లీమీటరే గావున శ్రమకు తక్కువ లేదు. గుండు వేయకయే నిలుకడ, శ్వాస, ట్రిగ్గరు నొక్కుడు అభ్యసించు ఖాళీసాధనను ప్రపంచమందలి ఉత్తమ గురికాండ్రు పలువురు నిత్యవిధిగా పాటించుచున్నారు. పెద్ద రైఫిలుపై మనసున్నవారు 1951లో ఏర్పడిన జాతీయ రైఫిలు సంఘమునకు అనుబద్ధమైన క్లబ్బులలో చేరి, నియమానుసారముగా తూటాలు పొందుట మేలు. రాయచూరునకు సుమారు రెండువందల కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్, 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో 701.1 పాళ్లతో కంచుపతకము సాధించినది 10 మీటర్ల గాలితుపాకితో, 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండుతో.