గోదాలో దిగని ఏడాది

మా కొండకర్ల ఆవ ఒడ్డున సాయంత్రంపూట నిలబడితే ఎదురుగా నీళ్ళు, నీళ్ళ మీద తాటిదోనెలు, వాటి చుట్టూ పక్షులు. ఇంతకు మించి లోకంలో తెలుసుకోవలసిందేముంది అనిపిస్తుంది. అలాంటి ఊళ్ళో కూచుని అమెరికా కాలేజీ కుర్రాళ్ళ కుస్తీపోటీల గురించి నేను రాయడమేమిటని మీరు బుగ్గలు నొక్కుకోవచ్చు. తప్పంతా మా మేనల్లుడిది. వాడు చదువుకని అయోవా రాష్ట్రం వెళ్ళి, చదువయ్యాక అక్కడే ఉద్యోగం చూసుకున్నాడు. మన అనకాపల్లికి చెరుకు ఎలాగో ఆ రాష్ట్రానికి మొక్కజొన్న అలాగట. ఆ మొక్కజొన్న చేల మధ్య జనానికి కుస్తీ అంటే ప్రాణం. ఇక్కడున్నన్నాళ్ళూ క్రికెట్టు తప్ప మరో ఆట ఎరగని వెధవ, అక్కడికి పోయి కుస్తీ పిచ్చివాడైపోయాడు.

ఆ మాటకొస్తే కుస్తీ మనకు కొత్తేం కాదు లెండి. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తిగారు బళ్ళో వ్యాయామం నేర్పే మేష్టరుగా మొదలుపెట్టి, తరువాత సర్కసు పెట్టి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుని పేరు తెచ్చుకున్నారు. ఆయన 1942లో పోయినా, అన్నం దగ్గర పేచీ పెట్టే పిల్లలకు మా అమ్మ చాలా ఏళ్ళపాటు ఆయన పేరు చెప్పే ముద్దలు మింగించింది.

ఇక అసలు సంగతి. 2020 మార్చి 13, తెల్లవారుతూనే ఫోను. "అత్తా, అంతా అయిపోయింది" అన్నాడు మా వాడు. గొంతు పూడుకుపోయి ఉంది. కరోనా రోజులు కదా, నా గుండె ఆగినంత పనయింది. "ఎవరికేమయిందిరా?" అన్నాను. "ఎవరికీ ఏం కాలేదు. కుస్తీపోటీలు రద్దు చేసేశారు." నాకు ఒళ్ళు మండిపోయింది. లోకమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూచుంటే వీడికి కుస్తీ వచ్చిందే అని నాలుగు దులిపి ఫోను పెట్టేశాను.

తరువాత 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి అందరం ఇళ్ళల్లో బందీలం. వాడూ బందీయే. రోజూ ఫోను. ఊరగాయల కబుర్లు ఎన్నాళ్ళని చెప్పుకుంటాం? ఒకరోజు నేనే అడిగాను, "ఒరే, ఆ కుస్తీ గొడవేమిట్రా?" అని.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. అమెరికా కాలేజీల మధ్య ఏటా మార్చిలో పెద్ద కుస్తీపోటీ జరుగుతుంది. మొదటిది 1928లో, అయోవాలోనే, ఏమ్స్ అనే ఊళ్ళో పెట్టారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1943 నుంచి 45 దాకా, మూడేళ్ళు ఆగింది. మళ్ళీ 2020 వరకు ఆగింది లేదు. బరువుల్నిబట్టి పది తరగతులు. తరగతికి ముప్ఫైముగ్గురు చొప్పున 330 మంది కుర్రాళ్ళు.

ఈ ముప్ఫైముగ్గురిలో ఎవరు ఎవరితో తలపడాలి? ఇక్కడే ఉంది కిటుకు. దాన్ని సీడింగు అంటారట. సీడంటే విత్తనమే. నారు నాటేటప్పుడు మంచి మొక్కల్ని ఎడంఎడంగా నాటినట్టు, బలవంతుల్ని పట్టికలో దూరదూరంగా పెడతారు. మనకింకా బాగా అర్థమయ్యేట్టు చెప్పాలంటే, పెళ్ళివారింట్లో పేరుపడ్డ గయ్యాళులు ఇద్దరుంటే వాళ్ళను ఒకే విడిదిలో దింపం కదా! ఒకావిడను వీధి మొదట్లోనూ, ఇంకొకావిడను వీధి చివరా దింపుతాం. అప్పగింతల వేళకు గాని వాళ్ళిద్దరూ ఎదురుపడకుండా చూసుకుంటాం. సీడింగూ అంతే. ఒకటో నెంబరు, రెండో నెంబరు ఆఖరి ఆటలోనే కలుసుకోవాలి.

మరి ఒకటో నెంబరు ఎవరన్నది ఎలా తేలుస్తారు? ఆ ఏడు ఆడిన ఆటల్నిబట్టి. అక్కడే తగాదా. అయోవాకు మైకేల్ కెమరర్ అని ఒక కుర్రాడు, పెన్ స్టేట్ కాలేజీకి మార్క్ హాల్ అని ఇంకొకడు. ఇద్దరిదీ 174 పౌన్ల తరగతి. ఆ జనవరి చివర్లో మా వాడి ఊళ్ళోనే కెమరర్ హాల్‌ను ఓడించాడు. మార్చి మొదటి వారంలో, ప్రాంతీయ పోటీల ఆఖరి ఆటలో హాల్ కెమరర్‌ను ఓడించాడు. చెరొకటి. ఇప్పుడు ఎవరు గొప్ప? హాల్ అప్పటికి మూడేళ్ళనాడు కాలేజీలో చేరిన ఏడాదే జాతీయ విజేత అయ్యాడు. ఆ తరువాత రెండేళ్ళూ ఆఖరి ఆట దాకా వచ్చి ఓడాడు. 2020 అతనికి కాలేజీలో ఆఖరి ఏడు. మూడో ఆట జరిగితే తేలిపోయేది. ఆ మూడో ఆట కోసం మా వాడూ, వాడిలాంటి వేలమందీ మినియాపోలిస్‌కు టికెట్లు కొనుక్కున్నారు. ఈ పోటీని ఫుట్‌బాలు ఆడే పెద్ద స్టేడియంలో పెట్టడం అదే మొదటిసారి.

మార్చి 11న పట్టికలు బయటపెట్టారు. అదే రోజున, చూసేందుకు జనం రావద్దు, ఆటగాళ్ళ ఇంటివాళ్ళు మటుకు రావచ్చునన్నారు. మర్నాడు అసలు పోటీలే లేవన్నారు. పట్టికకు ఇరవైనాలుగు గంటల ఆయుష్షు. విస్తళ్ళు వేసి, నీళ్ళు చల్లి, వంటలు లేవన్నట్టయింది.

అయితే వాడి కడుపుమంట అక్కడితో ఆగలేదు. ఏటా మొదటి ఎనిమిది స్థానాల్లో వచ్చినవాళ్ళకు 'ఆల్ అమెరికన్' అని గౌరవం ఇస్తారు. ఆ పేరు బతికినన్నాళ్ళూ వెంట ఉంటుంది. ఆ ఏడు పోటీలే జరగలేదు గనక, కుస్తీ కోచ్‌ల సంఘంవారు పట్టికలో మొదటి ఎనిమిది సీడుల్లో ఉన్నవాళ్ళకే ఆ గౌరవం ఇచ్చేశారు. అంటే ఆటకు ముందు వేసిన అంచనాయే ఆట ఫలితమై కూచుంది. తొమ్మిదో నెంబరువాడు ఎనిమిదోవాణ్ణి ఎన్నిసార్లు చిత్తు చేయగలిగేవాడో, ఆ లెక్క ఎవరికి కావాలి? పోనీ ఎనిమిదోవాడికైనా సంతోషమా అంటే, అదీ అనుమానమే. ఒకటో సీడు దక్కిన కుర్రాళ్ళలోనూ ఆఖరి ఏడాదివాళ్ళున్నారు. అయోవా కుర్రాడు పాట్ లూగో, ఒహాయో కాలేజీ కుర్రాడు కోలిన్ మూర్ అలాంటివాళ్ళే. ఎండాకాలంలోకి సాగే ఆటలవాళ్ళకు ఇంకో ఏడు ఆడుకునే వీలిచ్చారు గాని, చలికాలపు ఆటలవాళ్ళకు, మీ ఆటలు దాదాపు అయిపోయాయి కదా అని ఇవ్వలేదు. దాదాపు! పాయసం దించబోతూ పొయ్యి ఆరిపోతే దాదాపు వండినట్టేనా?

ఇవన్నీ వింటున్నా నాకు ఆ బాధ పూర్తిగా తలకెక్కలేదు, నిజం చెప్పొద్దూ. జూన్ 20న ఎక్కింది. ఆరోజు మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. మా మనవరాలు ఆ ఏడే పది. ప్లాస్టిక్ డబ్బాలో అరిసెలు పెట్టి, "పాసయ్యావే తల్లీ" అన్నాను. అది డబ్బా ముట్టుకోలేదు. "నేనేం రాశానని పాసయ్యాను అమ్మమ్మా?" అంది. ఏడాదంతా తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివిన పిల్ల. పుస్తకం తెరవని పిల్లా పాసే, ఇదీ పాసే. ఆ రోగం రోజుల్లో పిల్లల్ని గదుల్లో కుక్కి పరీక్షలు పెట్టకపోవడం మంచిదే, నేను కాదనను. కాని ఆ పిల్ల ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రాత్రి మేనల్లుడికి నేనే ఫోను చేశాను.

ఆడకుండా గెలవడం కుస్తీలో ఇదే మొదలు కాదు. మన గామా పహిల్వాన్ కథ వినండి. 1910లో ఆయన తమ్ముడు ఇమామ్ బక్ష్‌తో కలిసి లండన్ వెళ్ళాడు. పొట్టిగా ఉన్నాడని అక్కడి పోటీల్లో చేర్చుకోలేదు. ఇప్పటి మాటలో చెప్పాలంటే సీడు మాట దేవుడెరుగు, పట్టికలోకే రానివ్వలేదు. గామా ఊరుకున్నాడా? ఎంత బరువువాళ్ళయినా సరే ముగ్గురిని అరగంటలో పడేస్తానని సవాలు విసిరాడు. ఎవరూ నమ్మలేదు. చివరికి రోలర్ అనే అమెరికన్ వైద్యుడు గోదాలో దిగి రెండుసార్లు చిత్తయ్యాక గాని దొరలకు కళ్ళు తెరుచుకోలేదు.

అప్పుడు పోలెండువాడైన జిబిస్కోతో పోటీ పెట్టారు. సెప్టెంబరు 10. మొదటి నిమిషంలోనే గామా అతన్ని కింద పడేశాడు. జిబిస్కో బోర్లా పడుకుని, నేలను కరుచుకుని, ఇక లేవలేదు. రెండున్నర గంటలసేపు! వెల్లకిలా తిప్పితేగాని గెలుపు కాదు. మంకుపట్టు పట్టిన పిల్లవాణ్ణి మంచం కింది నుంచి లాగడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు గదా. ఆట తేలలేదు. వారం తరువాత, 17న, మళ్ళీ రమ్మన్నారు. గామా వచ్చాడు, జిబిస్కో రాలేదు. పట్టీ తెచ్చి గామా చేతుల్లో పెట్టారు. ప్రపంచ విజేత!

మరి ఆయన దాంతో తృప్తిపడ్డాడా? పద్దెనిమిదేళ్ళు గడిచాక, 1928లో, పాటియాలాలో మళ్ళీ ఆ జిబిస్కోనే ఎదురుగా నిలబెట్టారు. ఇద్దరికీ అప్పటికి యాభై అటూ ఇటూ. మనవలనెత్తుకునే వయసు. ఒక్క నిమిషం పట్టలేదు, గామా అతన్ని వెల్లకిలా పడేశాడు. పద్దెనిమిదేళ్ళు మోసిన అనుమానం నిమిషంలో దిగిపోయింది. అన్నట్టు అమెరికా కాలేజీల పోటీలు మొదలైందీ ఆ ఏడే.

పట్టిక తగాదాలు మన దేశంలో ఆడపిల్లల మధ్యకూ వచ్చాయి. 2023లో కుస్తీ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఫిర్యాదుతో వినేశ్ ఫోగట్, సాక్షి మాలిక్ వంటివాళ్ళు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోజుల తరబడి కూచున్నారు. సమాఖ్య ఎన్నికలు సకాలంలో జరగలేదని ఆగస్టులో అంతర్జాతీయ సంఘం సమాఖ్యనే సస్పెండ్ చేసింది. ఆ ఏడు ప్రపంచ పోటీల్లో మనవాళ్ళు మన జెండా లేకుండా ఆడవలసి వచ్చింది. ఈలోగా ఆసియా క్రీడలకు వినేశ్‌ను ఎంపికపోటీ లేకుండా నేరుగా పంపుతామన్నారు. అదే తరగతిలో ఆడే అంతిమ్ పంఘాల్ కోర్టుకెక్కింది. ఈ అమ్మాయి నలుగురు ఆడపిల్లల్లో ఆఖరిది. ఇక ఆడపిల్లలు చాలనుకుని తల్లిదండ్రులు పెట్టిన పేరు అంతిమ్. కోర్టులో ఓడింది. నాకు ఇద్దరి మీదా అభిమానమే. అయినా ఈ విషయంలో మటుకు చిన్నదాని పక్షమే. ఆడించి చూడండి అనడంలో తప్పేముంది? తరువాత వినేశ్‌కు మోకాలు దెబ్బతిని ఆగిపోయింది. అంతిమ్ వెళ్ళి కాంస్యం తెచ్చింది.

వినేశ్‌కూ మరుసటి ఏడు రోజొచ్చింది. 2024 ఆగస్టు 6, పారిస్ ఒలింపిక్స్. ఆమెకు సీడు లేదు. మొదటి ఆటే జపాను అమ్మాయి యుయి సుసాకితో పడింది. సుసాకి టోక్యోలో స్వర్ణం గెలిచినది, పరాయి దేశపువాళ్ళ చేతిలో అంతవరకూ ఓటమి ఎరగనిది. ఆఖరి క్షణాల్లో వినేశ్ ఆమెను పడగొట్టింది. మా వీధి వీధంతా కేకలు. ఆ సాయంత్రానికి ఫైనలు చేరింది. తెల్లారేసరికి తూకంలో వంద గ్రాములు ఎక్కువ తేలిందని పోటీలోంచే తీసేశారు. వంద గ్రాములంటే ఓ చిన్న గిన్నెడు పెరుగు. స్వర్ణం కోసం ఆడవలసిన మనిషిని జాబితాలో అట్టడుక్కు దించారు. ఆ పూట నేను పొయ్యి వెలిగించలేదు.

ఆ పారిస్‌లోనే మా మేనల్లుడి కథ కూడా ఓ కొసకు వచ్చింది. వాడి ఆరాధ్యదైవం స్పెన్సర్ లీ. అయోవా కాలేజీ కుర్రాడే. 2018, 2019ల్లో జాతీయ విజేత, 2020లో ఒకటో సీడు. 2021లో పోటీలు మళ్ళీ పెడితే మళ్ళీ గెలిచాడు, అయోవా జట్టూ పదకొండేళ్ళకు గెలిచింది. మధ్యలో ఆ 2020 ఒక్కటీ పన్ను ఊడినట్టు ఖాళీ. ఆ లోటు పూడ్చి నాలుగు చేసుకుందామని 2023లో మళ్ళీ దిగాడు. సెమీఫైనల్లో, ఆఖరి క్షణంలో, మాట్ రామోస్ అనే కుర్రాడు అతన్ని చిత్తు చేసేశాడు. ఆ క్షణాన కెమెరా తిరిగి అతని తల్లి మీద ఆగింది. ఆవిడ, తానూ ఒకప్పుడు జూడో ఆడిన మనిషి, కళ్ళజోడు తీసి చేతుల్లోనే విరిచేసింది. మా వాడు ఆ వీడియో పంపాడు. నాకు కుస్తీ పట్లు ఇప్పటికీ తెలియవు. ఆ కళ్ళజోడు మటుకు తెలిసింది.

ఏడాదిన్నర తిరక్కుండా, పారిస్‌లో 57 కిలోల తరగతిలో జపానువాడు హిగుచికి స్వర్ణం, స్పెన్సర్ లీకి రజతం, మన అమన్ సెహ్రావత్‌కు కాంస్యం వచ్చాయి. ఇరవైఒక్కేళ్ళ కుర్రాడు అమన్. ఒక్క రాత్రిలో నాలుగున్నర కిలోలకు పైగా తగ్గి తూకానికి నిలబడ్డాడట. ముగ్గురూ ఒకే మెట్ల మీద నిలబడితే, "మీవాడూ మావాడూ పక్కపక్కనే అత్తా!" అని మా వాడు ఫోనులో ఒకటే గంతులు.

కాస్త చల్లబడ్డాక, ఊరికే ఉండలేక అడిగాను: "ఇంతకీ ఒరే, ఆ హాల్, కెమరర్ ఇద్దరిలో ఎవర్రా గొప్ప?" కెమరర్ ఆ తరువాతా రెండేళ్ళు ఆడాడు. హాల్ కాలేజీ గోదా మళ్ళీ ఎక్కలేదు. మూడో ఆట జరగనే లేదు. "అందులో అడగడానికేముంది, కెమరరే!" అని మొదలుపెట్టాడు. ముప్పావుగంట చెప్పాడు. పొయ్యి మీద పాలు పొంగి, నేనే ఫోను పెట్టేశాను.