బోరు, బోరింగు, బోరుమనుట

అనంతపురం పీఠభూమి పల్లెల్లో చేతిపంపును బోరింగు అనుట వాడుక. ఆ పల్లె విద్యార్థికి ఇంగ్లీషు పాఠంలో ఒక ఉపన్యాసం ‘బోరింగ్’గా ఉన్నదన్న వాక్యం ఎదురైనదనుకొందాము. ఉపన్యాసంలో నీళ్ళెక్కడివని అతడు విస్తుపోతే తప్పు అతనిది కాదు. వేరువేరు ఊళ్ళనుండి వచ్చి ఒకే సత్రంలో దిగిన బాటసారులవలె, సంబంధం లేని మాటలు కొన్ని ఇంగ్లీషులో ఒకే అక్షరాలతో, ఒకే ఉచ్చారణతో నిలిచి ఉన్నవి.

‘బోర్’ అందుకు మంచి ఉదాహరణ. తొలుచుట అను అర్థం గల బోర్ ప్రాచీనాంగ్లంలోని ‘బోరియన్’ నుండి వచ్చినది. లాటినులో రంధ్రము చేయుటను తెలుపు ‘ఫొరారె’ దీనికి దూరపు చుట్టము. తుపాకి గొట్టపు లోపలి వెడల్పును బోర్ అనుట కూడ ఇందులోనిదే. (పన్నెండు బోరు తుపాకి అనగా, దాని గొట్టానికి సరిపోవు సీసపు గుండ్లు పన్నెండు కలిసి ఒక పౌను తూగునని లెక్క.) సముద్రపు పోటు నదిలోనికి గోడవలె ఎగదన్నుటను కూడ బోర్ అంటారు. కలకత్తా వద్ద హుగ్లీ నదిలో ఇది కనబడుతుంది. ఆ మాట పాత నార్సు భాషలో అల అను అర్థం గల ‘బార’ నుండి వచ్చినదని పలువురి అభిప్రాయం. ఇక మోయుట అను క్రియకు భూతకాలరూపమైన బోర్ మరొకటి. విసుగు పుట్టించు బోర్ వీటన్నిటికంటె చిన్నది. 18వ శతాబ్ది మధ్యభాగం దాటిన తరువాతనే వ్రాతలో కనబడినది. దాని పుట్టుక నేటికీ తేలలేదు. తొలుచుట నుండియే వచ్చినదని కొందరందురు గాని, రుజువు చాలదు.

ఇట్టి చిక్కు మనకు కొత్తది కాదు. ఏరు అంటే నది, ఏరు అంటే పోగుచేయు. ఏ తెలుగు పిల్లవాడూ తికమకపడడు.

అర్థాలు దూరమైనంత మాత్రాన మాటలు వేరని తలచుట మాత్రం పొరపాటు. ‘స్ప్రింగ్’ చూడండి. వసంతఋతువు, నీటి ఊట, ఇనుప తీగచుట్ట మూడూ ఒక్క మాటయే. మూలార్థం ఎగిరి దుముకుట. చిగురు పైకి దుముకును, నీరు నేల చీల్చుకొని దుముకును, అణచిన తీగ తిరిగి దుముకును. పెన్న, చిత్రావతి ఇసుకలో త్రవ్వి పొలాలకు నీరు మళ్ళించిన ఊటకాలువలను పాత ఇంగ్లీషు రికార్డులు స్ప్రింగ్ ఛానెళ్ళు అన్నవి. వాటిని వసంతకాలపు కాలువలని అనువదిస్తే చరిత్రే తారుమారగును.

‘టాంక్’ కథ మరీ వింత. మనదేశపు ఇంగ్లీషులో దానికి చెరువని అర్థం. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు 1364లో కట్టించెనని చెప్పు అనంతపురం చెరువు ఆ రికార్డులలో టాంకే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువారు ఒక కొత్త ఉక్కు బండిని రహస్యంగా తయారుచేయుచు, అవి నీటితొట్లని నమ్మించుటకు ఆ పేరు పెట్టినారు. 1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధరంగంలో అది బయటపడినది. పేరు మాత్రం మారలేదు.

మన బోరు కథకు వస్తే, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన కురియు ఈ నేలలో మొదట చెరువులు, ఎద్దులతో కపిల తోలు బావులు ఉండేవి. తరువాత ఆయిలు ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చినవి. 1970 దశకంలో రూపొందిన ఇండియా మార్క్ 2 చేతిపంపుతో బోరింగు అన్న మాట పల్లెపల్లెకూ పాకినది. అడుగున ఉన్నది గ్రానైటు, నీస్ వంటి గట్టి రాయి. అందులో నీరు పగుళ్ళలోనే నిలుచును. అందుచేత ఒక పొలంలో నీరు పడగా, పక్క పొలంలో దుమ్మే లేచును. పొరుగువానికంటె లోతుగా తొలుచుటలో పోటీ పెరిగి పాత బావులు ఎండినవి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కొత్త బోరుకు ముందుగా అనుమతి కావలెనన్నది.

అప్పుచేసి వేసిన బోరులో చుక్క పడకపోతే రైతు బోరుమనుట మాత్రం అచ్చ తెలుగే. అది ఏడ్పు ధ్వనినిబట్టి పుట్టినది. ఇంగ్లీషు బోర్లలో దేనితోనూ దానికి చుట్టరికం లేదు.