బండ్లబాట మీద మోటారు సైకిలు

కర్నూలునకు హంద్రీనది ఆవలి గట్టున ప్రత్యేకగ్రామముగా చిరకాలము మని, నేడు ఆ నగరములోనే కలిసిపోయిన కల్లూరు బాటసారులకు కొత్త ఊరు కాదు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు పోవు బాటయు, డోన్, గుత్తి, అనంతపురముల మీదుగా బెంగుళూరునకు పోవు బాటయు ఈ చుట్టుపట్లనే విడిపోవుచున్నవి. ఉత్తరముగా సాగినచో హంద్రీని, పిమ్మట తుంగభద్రను దాటి ఆలంపురము పొలిమేరలో కాలు మోపుదుము. ఆలంపురపు ఆలయములకు రాళ్లు తోలుకొనిపోవు బండ్లు నది దాటుటకు ముందు ఈ తావున ఆగి ఇరుసులకు కందెన పూసికొనెడివని ఇక్కడి వృద్ధులు తరతరములుగా చెప్పుకొను ఐతిహ్యము. శాసనప్రమాణము అడుగువారికి ఈ కథ తృప్తి కలిగింపకపోవచ్చును. దారిలో నిలిచి బండిని సరిచూచుకొనుట, అచ్చట కలిసిన తోటి బండివానితో మంచిచెడ్డలు మాటలాడుట అను ఆచారము ఈ సీమవారి స్మృతిలో ఎంత లోతుగా నాటుకొనియున్నదో తెలియుటకు మాత్రము అది చాలును. మోటారు సైకిళ్ల యజమానులు ఏటేట ఒకచోట గుమిగూడు నేటి వేడుకను కేవలము పడమటినుండి దిగిన వింతగా ఎంచువారితో నేను ఏకీభవింపలేను. రాయలసీమలో దాని వేళ్లు ఎద్దులబండి నడచిన బాటలలోనే ఉన్నవని నా నమ్మిక.

ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను దర్శించుటకు గండికోటకు వచ్చినాడు. ఈ దేశపు దారులలో తాను చూచిన బిడారులను వర్ణించుచు ఆయన, ధాన్యము, బియ్యము, ఉప్పు మోయు ఎద్దులు ఒక్కొక్క గుంపున పదివేలు, పండ్రెండువేల వరకు ఉండెడివనియు, ఇరుకుదారిలో అట్టి గుంపు ఎదురైనచో అది సాగిపోవువరకు రెండు మూడు దినములైనను వేచియుండవలసి వచ్చెడిదనియు వ్రాసినాడు. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య సైతము పరివారసమేతుడై కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా హైదరాబాదు చేరినాడు. మజిలీ మజిలీకి దారి తీరును, దొరకు వసతులను వ్రాసిపెట్టినాడు. ఊరికి ఊరికి నడుమ ఆమడలకొద్దీ ఎడము, వేసవి వచ్చినచో నీటికి కరవు, రాతినేలపై నీడకు కరవు: ఇట్టి సీమలో గుంపు విడిచి పోవువాడు సాహసి అనిపించుకొనెడివాడు కాడు, తెలివిమాలినవాడనిపించుకొనెడివాడు. ఇక తిరునాళ్లలో బండలాగుడు పందెములకు ఎద్దులను తోలుకొని వచ్చు రైతులను చూచినవారికి, తన పశువును పదిమంది యెదుట నిలిపి, దాని పళ్లు, మూపురము, నడక పరులచే మెప్పించుకొనుటలో ఉన్న తృప్తి యెట్టిదో నేను వేరుగ చెప్పనక్కరలేదు.

మోటారు సైకిలు పుట్టుక జర్మనీలో. 1885లో డైమ్లర్, మైబాఖ్ అను ఇరువురు కొయ్యచట్రమునకు పెట్రోలు యంత్రమును బిగించి నడిపిరి; 1894లో హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ సంస్థ దానిని అమ్మకమునకు తెచ్చినది. మన సామాన్యుని వాకిటిలోనికి అది వచ్చుటకు మరి అరువదియేండ్లకు పైగా పట్టినది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియై, గుడారములలో కచేరీలు వెలసి, 1956 నవంబరు 1న ఆ వైభవము హైదరాబాదునకు తరలిపోయిన ఆ స్వల్పకాలమునందే, 1955లో, ఇంగ్లండులోని రెడిచ్ ఎన్‌ఫీల్డు సంస్థయు మద్రాసు మోటార్స్ వారును కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పిరి. తిరువొత్తియూరునుండి బయలువెడలిన బుల్లెట్టు మొదట సైనికులకును పోలీసులకును వాహనమై, ఆ పిమ్మటనే పెద్దరైతుల పందిళ్ల క్రిందికి చేరినది. మైసూరులో ఇరానీ కుటుంబమువారి ఐడియల్ జావా కర్మాగారము 1961లో ఉత్పత్తి ప్రారంభించినది. చెకోస్లొవేకియాలో ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో స్థాపించిన సంస్థ వద్ద అనుమతి పొంది ఆ యంత్రమును ఇచ్చట తయారుచేసిరి. తరువాత దానికే యెజ్డీ అని పేరు మార్చిరి. లైసెన్సుల కాలమది, డబ్బు చేతనున్నను బండికై వేచియుండక తప్పెడిది కాదు. కావున ఒకమారు ఇంటికి వచ్చిన బండిని తండ్రి కొడుకునకు అప్పగించుటయే గాని అమ్ముకొనుట అరుదు.

ఆ జావా నిర్మాణమును గూర్చి కొంత చెప్పవలెను, ఏలయనగా దానియందలి విలక్షణతయే యజమానులను ఒకచోటికి చేర్చినది. సిలిండరు ఒక్కటే, సైలెన్సర్లు రెండు. ఎడమపక్కనున్న ఒక్క కడ్డీయే గేరును, కిక్కును. లోపలికి నొక్కి పైకి త్రిప్పినచో కిక్కగును, బండి అందుకొన్న పిమ్మట క్రిందికి దించినచో మరల గేరగును. గేరు మార్చునప్పుడు క్లచ్చు పట్టకున్నను పాదపు ఒత్తిడికే అది విడివడును. చల్లని ఉదయమున బండి కదలవలెనన్నచో పెట్రోలు తిప్పి, కార్బొరేటరుపైనున్న చిన్న బుడిపెను పెట్రోలు పొంగువరకు అదిమి, అప్పుడు కిక్కు కొట్టవలెను. పెట్రోలులో కొలత ప్రకారము ఆయిలు కలుపవలెను. తక్కువైన పిస్టను పట్టివేయును, ఎక్కువైన ప్లగ్గు నల్లబడి మొరాయించును. పుస్తకము చదివి ఈ విద్య నేర్చినవారు నాకు తారసపడలేదు. మేస్త్రీ పక్కన కూర్చుండి, వాని చేతికి పానా అందించుచు నేర్చినవారే అందరును.

1985లో జపాను వారి కూడికతో వచ్చిన నూరు సీసీల ఫోర్‌స్ట్రోకు బండి లీటరుకు ఎంతో అధికదూరము నడచుటచే, కొనువారి మనస్సు అటు మళ్లినది. వర్షాధారపు సేద్యముపై బ్రతుకు రైతు మైలేజి చూచి బండి కొనుట తప్పు కాదు. పొగపై నిబంధనలు బిగిసినవి. 1996లో మైసూరు కర్మాగారము మూతబడినది. కర్మాగారముతోపాటు విడిభాగములును క్రమముగా కనుమరుగైనవి. అయినను బండ్లు చావలేదు. కల్లూరు ఎస్టేటు వంటి చోట్ల లేతు యంత్రముల ముందు నిలిచి, అరిగిన బుష్షునకు మారుబుష్షు తీసినవారును, పాత బండి కడుపునుండి తీసిన క్రాంకును మరియొక దానికి అమర్చినవారును ఆ వంశమును నిలిపిరి. 2009 అక్టోబరు 2న తుంగభద్రయు హంద్రీయు ఒక్కటై కర్నూలును ముంచినప్పుడు, ఒండ్రుమట్టి నిండిన వందలాది ద్విచక్రవాహనములకు ప్రాణము పోయవలసినవారును ఈ మేస్త్రీలే. ఇంజను విప్పి, కిరసనాయిలుతో కడిగి, బేరింగులు ఆరబెట్టి మరల బిగించు ఆ శ్రమ చరిత్రగ్రంథములకు ఎక్కదు, ఎక్కవలసినది.

యజమానుల సమ్మేళనములు ఇతరదేశములలో ఇంతకు మున్నే వేళ్లూనినవి. అమెరికాలోని స్టర్జిస్ మేళా 1938 ఆగస్టులో తొమ్మండుగురు పందెగాండ్రతో మొదలైనది. జర్మనీలో 1956 జనవరిలో త్సుండాప్ బండ్లవారు స్టుట్‌గార్టు సమీపమున మంచులో కలిసికొనిరి. వారి బండికి పచ్చయేనుగని ముద్దుపేరు గనుక ఆ కూటమికి ఏనుగుల మేళా అను పేరు స్థిరపడినది. మన దేశమున జావా, యెజ్డీ యజమానులు ప్రతిసంవత్సరము జూలై రెండవ ఆదివారమును తమ పండుగదినముగా పాటించుచున్నారు. బెంగుళూరు, హైదరాబాదు మొదలగు నగరములలో ఆ దినమున వందలకొద్దీ బండ్లు వరుసతీరును.

నేను తొలిసారి పోయినది హైదరాబాదు కూటమికి. రెండువందల కిలోమీటర్లకు పైబడిన దారి గనుక ముందునాడే బయలుదేరితిమి. ఆలంపురము చౌరస్తా దాటి, బీచుపల్లి వద్ద కృష్ణపై వంతెన యెక్కి, ఆంజనేయస్వామికి దండము పెట్టుకొని, జడ్చర్ల, షాద్‌నగరుల మీదుగా పోవుచుండగా, గుంపుగా కదలువారి మర్యాదలు కొన్ని ఎవరును బోధింపకయే తెలిసివచ్చినవి. నిదానమైన బండి ముందుండవలెను. పనిముట్ల సంచి గలవాడు వెనుక రావలెను. ఒకడు ఆగినచో అందరును ఆగవలెను. ఈ కట్టడిలో ఎద్దులబండ్ల వరుసకు పరాయిది ఏ ఒక్కటియు నాకు కనబడలేదు.

కూటమి జరుగు మైదానములో బండి నిలిపినంతనే, కొత్తవానికి సహజమైన నా సంకోచము తీరిపోయినది. ఎర్రని రంగు, ముదురుపచ్చ రంగు, క్రోము మెరయు ట్యాంకులు. నూనెపొగ నిండిన గాలి. ఒకరి బండిపై మరియొకరు వంగి చేయు పరీక్షలు. తిరునాళ్లలో పశువును చూచు కన్నే యంత్రమును చూచుచున్నదని నాకు తోచినది. నా బండి పలకపై ఏపీ 21 చదివి, దాపున నిలిచిన ఏపీ 04 బండి చెంతనుండి ఒక వృద్ధుడు వచ్చినాడు.

“కర్నూలా అబ్బీ? ఏ పక్క?”

“కల్లూరు పెద్దాయనా. మీది?”

“ప్రొద్దుటూరు. మావోడు తోలుకొచ్చినాడు. నీ బండి నిలబడితే వణుకుతాంది, పాయింటు గ్యాపు ఎక్కువైంటాది, చూస్తా ఉండు.”

నా అనుమతికై ఆయన ఆగలేదు. కుడిపక్క మూత విప్పి, జేబులోని విజిటింగు కార్డును చించి, ఆ ముక్కను పాయింట్ల నడుమ దూర్చి, మర వదులుచేసి, ముక్క బిగువుగా జారునంతవరకు సర్ది మరల బిగించినాడు. కిక్కు కొట్టగానే ఇంజను ఏకస్వరమున పలికినది. ఆయన చేతులు తుడుచుకొని, నలుబదియేండ్లు బండ్లు బాగుచేసిన కథను నాలుగు మాటలలో చెప్పినాడు. ఆ సాయంకాలమున వేదికపై ఉత్తమ పునరుద్ధరణకు బహుమతులిచ్చిరి. యజమానులు అందుకొనిరి, మేము చప్పట్లు కొట్టితిమి. ఆ బండ్లను విప్పి బిగించిన చేతులు గలవారి పేర్లు మాత్రము వేదికపై ఒక్కటియు వినరాలేదు.

ఇది నన్ను నేటికిని బాధించుచున్నది. 2018లో జావాయు, 2022లో యెజ్డీయు కొత్త రూపములతో మరల అంగళ్లకు వచ్చినవి. వాటికి మరమ్మతు పుస్తకములును, శిక్షణ పొందిన పనివారును కలరు. పాత బండ్ల విద్య మాత్రము అరువదియైదు, డెబ్బది ఏండ్లు దాటిన కొద్దిమంది జ్ఞాపకములలో నున్నది. వారి కుమారులు పలువురు వేరు వృత్తులకు పోయినారు. ఈ సమ్మేళనములు ఆ విద్యను కాపాడనిచో, ఊరేగింపునకు పదియేండ్ల పిమ్మట రంగులు మాత్రమే మిగులును.

కర్నూలు, కడప, అనంతపురము, చిత్తూరు జిల్లాల యజమానులను నేను కోరునది స్వల్పము. వచ్చు జూలై రెండవ ఆదివారమున మీ బండితోపాటు మీ మేస్త్రీనికూడ తీసికొని పొండు. ఆయన ప్రయాణవ్యయమును మీ సంఘమే భరించుగాక. వేదికపై ముందువరుసలో ఆయనకు కుర్చీ వేయుడు. ఆయన చెప్పు కొలతలను, కిటుకులను ఎవరైన ఒకరు తెలుగులో వ్రాసికొని అచ్చు వేయింపుడు.