చౌదరి గారి రాగం

1833. కటకంలో నీళ్ల ఒడ్డున ముప్పై ఏళ్ల బ్రాహ్మణుడు నిలబడి ఉన్నారు. దిగితే కులం పోతుంది, బంధువుల గుమ్మాలు మూసుకుపోతాయి. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. అయినా దిగారు, క్రైస్తవ బాప్తిస్మంలో మునిగి లేచారు.

ఆయన పురుషోత్తమ చౌదరి. వంగదేశం నుంచి తరలివచ్చిన వైదిక కుటుంబంలో, పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టారు. సంస్కృతం, తెలుగు చదువుకున్నారు. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే దొరసానితో కలిగిన పరిచయం ఆయన బతుకు దారి మళ్లించింది.

బాప్తిస్మం మొదలు కాలినడకన క్రీస్తు ప్రచారం. చేతిలో పుస్తకం, గొంతులో పాట.

ఆ కాలంలోనే ఇంగ్లండులో ఆంగ్లికన్ చర్చి సంగీతం వెలిగిపోతోంది. 1872లో లండన్ సెయింట్ పాల్స్ కథీడ్రల్‌కు ఆర్గనిస్టుగా వచ్చిన జాన్ స్టెయినర్, 1887లో 'ది క్రూసిఫిక్షన్' రాశారు. అక్కడ వాయించే పైప్ ఆర్గన్‌కు గోడంత గొట్టాలు, గాలి ఊదే తిత్తులు కావాలి. వాయించే మనిషికి ఏళ్ల సాధన ఉండాలి. మన వానాకాలపు చెమ్మకు కొయ్య ఉబ్బుతుంది, తోలు పాడవుతుంది. ఊరూరా తిరిగే మనిషికి అలాంటి వాద్యం ఎలా కుదురుతుంది? చౌదరి గారు మన కీర్తననే పట్టుకున్నారు. పల్లవి, చరణాలు, రాగం, తాళం. అక్షరం రాని కూలీ సైతం పల్లవి అందుకోగలడు. ఆయన చేసిన పనుల్లో గొప్పది ఇదేనని నా నమ్మకం. వందకు పైగా కీర్తనలు రాసి, 1890లో కన్నుమూశారు.

గోదావరి డెల్టాకు మిషన్లు వేర్వేరుగా వచ్చాయి. నర్సాపురం వైపు బౌడెన్, బీర్ దంపతులు, రాజమండ్రిలో లూథరన్లు, ఎగువన దుమ్ముగూడెంలో ఆంగ్లికన్లు. ఆరాధన పద్ధతులు వేరు, పెద్దలు వేరు. చౌదరి గారి కీర్తనలున్న 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం మాత్రం లూథరన్‌కూ బాప్టిస్టుకూ ఉమ్మడి ఆస్తి. 1947లో ఆంగ్లికన్లు కలిసిన దక్షిణ ఇండియా సంఘానికీ (సి.ఎస్.ఐ.) అంతే.

ఆ పుస్తకం ఒక్కసారి తెరిచి చూడండి. పాట నెత్తిన చిన్న అక్షరాల్లో రాగం పేరు, పక్కనే తాళం. చాప మీద హార్మోనియం, ఎడమచెయ్యి తిత్తి ఆడిస్తుంటే ముందు శ్రుతి నిలుస్తుంది. ముందు వరసలో ముసలమ్మ మోకాలి మీద తాళం వేస్తూ, కళ్లు మూసుకుని ఎత్తుకుంటుంది. పుస్తకం ఆమెకు అక్కర్లేదు.

ఇప్పుడు కీబోర్డు వచ్చింది. అది తప్పని నేననను. కానీ దరువు పెట్టె నొక్కగానే పాటలన్నీ ఒకే నడకలో పడుతున్నాయి, నెత్తినున్న రాగం పేరు చదివేవారు కరువయ్యారు.

మీ సంఘంలో పాత వరస తెలిసిన పెద్దవాళ్లు ఉంటే, వచ్చే ఆదివారం వాళ్ల పక్కన కూర్చుని పాడించుకోండి. ఫోనులో రికార్డు చేసి పిల్లలకు నేర్పండి.