పింగాణి రహస్యము

నేడు మన ఇండ్లలో పింగాణి కప్పు ఒక విశేషము కాదు. పదునెనిమిదవ శతాబ్దారంభమున ఐరోపాలో మాత్రము అది ప్రభువుల సొత్తు. చీనా, జపాను దేశములనుండి ఓడలపై రావలసినదే. బెట్గర్ మొదలగువారు దాని మర్మమును కనుగొనగా, శాక్సనీ ప్రభువైన ఆగస్టస్ 1710లో మైసెన్ కోటలో కర్మాగారమును నెలకొల్పెను.

గుట్టు పొక్కకుండుటకై దానిని రెండుగా పంచిరి. మట్టి మిశ్రమపు పాళ్లు ఒకరికి, పైమెరుగు విధము మరొకరికి తెలిపిరి. అయినను 1717లో హుంగర్ అను పనివాడు వియన్నా చేరెను. 1719లో ఆవము పని నెరిగిన స్టోల్ట్‌సెల్ కూడ వెడలిపోగా, ఆ యేడే వియన్నాలో పింగాణి తయారయ్యెను. అచట చెప్పిన జీతము అందక అతడు 1720లో, హెరోల్ట్ అను చిత్రకారుని వెంటబెట్టుకొని మైసెనుకు మరలివచ్చెను. ప్రభుత్వము అతనిని క్షమించినది. హెరోల్ట్ రంగులవలననే మైసెనుకు కీర్తి హెచ్చినది.

1731లో మరల విచారణ సాగినది. ఈమారు నిందితుడు పనివాడు కాడు; కర్మాగారముపై అజమాయిషీ గల మంత్రి హోయిం ప్రభువు. లెమేర్ అను ఫ్రెంచి వర్తకునితో కూడి, మైసెన్ గురుతు లేని పాత్రలను జపాను సరుకుగా అమ్మించెననియు, రహస్యమును ఫ్రెంచివారికి తెలిపెననియు ఆరోపించిరి. పదవి పోయినది. 1736లో కొనిగ్‌స్టైన్ దుర్గమున బందీగా నుండి ఆత్మహత్య చేసికొనెను.

కాగితముపై వ్రాసిన గుట్టును పెట్టెలో దాచవచ్చును. చేతిలోని నేర్పు పనివానితోపాటే నడచిపోవును; జీతము ముట్టనిచో నడచి తిరిగివచ్చును. కావలివాడే అనుమానితుడైనపుడు తాళమెవరికి అప్పగింతుము?