పాకాల జంక్షన్: లెక్కకు రాని పరిశ్రమ

దక్షిణ రాయలసీమ గ్రామాల పారిశ్రామిక గతం ప్రసక్తికి వచ్చినప్పుడు పరిశోధకుల దృష్టి సాధారణంగా గనుల మీదికి, మగ్గాల మీదికి, చక్కెర మిల్లుల మీదికి మళ్ళుతుంది. పాకాల పేరు ఆ వరుసలో వినిపించదు. ఆ ఊరి పరిశ్రమ రైలు పేరుతో సాగినందువల్ల దానిని రవాణా చరిత్ర తనలో కలుపుకొన్నది. పారిశ్రామిక చరిత్ర వదిలివేసింది. ఈ విభజన ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ప్రస్తుత వ్యాసోద్దేశం.

రైలుకు పూర్వం ఈ ప్రాంతానికి ఉన్న ఖ్యాతి వేరు. పాకాల సమీపంలోని దామలచెరువు కనుమ, సీమ పీఠభూమి నుంచి ఆర్కాటు మైదానాలకు దిగే ముఖ్యమైన దారులలో ఒకటి. 1740 మే 20న ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ రఘోజీ భోంస్లే నడిపిన మరాఠా సేనలతో పోరాడి ఇక్కడే మరణించాడు. సైన్యాలకు దారి ఇచ్చిన కనుమే నూటయాభై యేళ్ళ తరువాత పట్టాలకూ దారి ఇచ్చింది. కొండల నడుమ వాలు తక్కువగా ఉన్న చోటు సైనికుడికీ ఇంజనీరుకూ ఒకే విధంగా అవసరం.

1876-78 నాటి ధాత కరువు తరువాత, 1880లో కరువు కమిషన్ దుర్భిక్ష ప్రాంతాలకు ధాన్యం చేరవేయడానికి రైలు మార్గాలను విస్తరించాలని సూచించింది. దక్షిణ భారత రైల్వే సంస్థ మీటరు గేజి మార్గాన్ని విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా ధర్మవరం వరకు 1891-92 ప్రాంతంలో వేసిన నేపథ్యం ఇది. తిరుపతి, రేణిగుంటల మీదుగా గూడూరుకు పోయే మార్గం పాకాల వద్దనే చీలింది. అప్పటికి ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. ఎ. ఎఫ్. కాక్స్ రచించిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ 1881లో వెలువడింది. హెచ్. ఎ. స్టూవర్ట్ సవరించిన ప్రతి 1890ల మధ్యలో వచ్చింది. ఈ రెండు ముద్రణల నడుమ ఉన్న స్వల్పకాలంలోనే పాకాల మూడు దిక్కుల పట్టాలు కలిసే కూడలి అయింది.

కూడలి అనగానే ప్రయాణికులు బండి మారే చోటు మాత్రమే స్ఫురిస్తుంది. ఆవిరి యుగంలో దాని అర్థం చాలా విస్తృతం. ఆవిరి ఇంజను డీజిల్ ఇంజను వలె మీట నొక్కగానే కదిలేది కాదు. చల్లారిన ఇంజనులో నిప్పు వేసి, బాయిలర్‌లో చాలినంత ఆవిరి పుట్టించడానికి గంటల కాలం పట్టేది. ప్రయాణం ముగించిన ఇంజనును బూడిద గుంత మీద నిలిపి, నిప్పుగూటిలోని బూడిదను, గడ్డకట్టిన చిట్టేన్ని లాగివేయాలి. పొగగొట్టాలలో పేరుకొన్న మసి తీయాలి. బొగ్గు, నీరు నింపాలి. అన్నిటికన్న శ్రమతో కూడినది బాయిలర్ కడగడం. సీమ బావుల నీటిలో ఉప్పులు ఎక్కువ. ఆ నీరు మరిగినకొద్దీ లోపల సున్నపు పొర గట్టిపడి వేడిని అడ్డుకొంటుంది, బొగ్గు ఖర్చును పెంచుతుంది. అందువల్ల నియమిత కాలానికి ఒకసారి బాయిలర్‌ను చల్లార్చి, కడిగి, మరల వెలిగించవలసి వచ్చేది. పాకాలలోని లోకో షెడ్డు ఈ పనుల స్థలం. క్లీనరుగా చేరినవాడు ఫైర్‌మన్ అయి, షంటరై, చివరకు డ్రైవరు కావడానికి జీవితంలో సగభాగం గడిచేది. విద్య పుస్తకంలో లేదు, చేతిలో ఉన్నది. ఆ వృత్తిపదాలు కూడా ఇంగ్లీషు నుంచి నేరుగా కార్మికుల నోట పడి తెలుగైనవే. ‘లోకో’ అనే ముక్క ఇంజనుకూ, షెడ్డుకూ, అక్కడి ఉద్యోగానికీ ఒకే పేరుగా నిలిచింది. నిఘంటుకర్తలు దీనిని ఇంకా పట్టించుకోవలసే ఉన్నది.

పని పుట్టించిన మరొక కారణం గేజి భేదం. మీటరు గేజి పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్‌గేజిలో 1,676. కాట్పాడి, రేణిగుంట, గూడూరులలో ఈ రెండూ ఎదురుపడేవి. జిల్లాలోని బెల్లం, వేరుసెనగ, చింతపండు, మామిడి దూరప్రాంతాలకు పోవాలంటే ఒక వ్యాగన్ నుంచి మరొక వ్యాగన్‌కు కూలీల వీపుల మీద మారవలసిందే. వర్తకుడికి అది నష్టం, కూలీకి అది కూడు. చిన్న గేజికి ప్రత్యేకమైన ఇంజన్లు, వాటిని ఎరిగిన మనుషులు కావలసి వచ్చినంతకాలం పాకాల వంటి ఊరికి రైల్వే పటంలో తప్పనిసరి స్థానం ఉండేది.

ఇంత శ్రమ పరిశ్రమగా ఎందుకు లెక్కకు రాలేదు? సమాధానంలో కొంత భాగం చట్టంలోనే ఉన్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విద్యుచ్ఛక్తి వంటి శక్తితో పనిచేసే చోట పదిమంది, అది లేని చోట ఇరవైమంది కార్మికులుంటే దానిని కర్మాగారంగా పరిగణించింది. అదే నిర్వచనంలో గనులతో పాటు రైల్వే రన్నింగ్ షెడ్లనూ మినహాయించింది. ఆ షెడ్లలోని పనివేళలను రైల్వే చట్టం కింది నియమాలు చూసుకొంటాయన్నది పరిపాలనాపరమైన సమర్థన. కాని ఫలితం గమనార్హం. తిరుచిరాపల్లి పొన్మలైలో ఇంజనును విప్పి బిగిస్తే అది కర్మాగారం. పాకాలలో అదే ఇంజనుకు నిప్పు తీసి, గొట్టాలు తోమి, బాయిలర్ కడిగితే కాదు. కర్మాగారాల గణాంకాలను ఆధారం చేసుకొన్న జిల్లా చరిత్రలలో షెడ్డు కార్మికుడు కనబడకపోవడం యాదృచ్ఛికం కాదు. గనిని మాత్రం అదే చట్టం మినహాయించినా దానికి వేరే గనుల చట్టం, వేరే గణాంకాలు ఉండటంచేత చరిత్రకారుడి కంటికి దొరికింది.

1951లో దక్షిణ రైల్వే ఏర్పడింది. 1977 అక్టోబరు 2న గుంతకల్లు డివిజను దక్షిణ మధ్య రైల్వేలోకి మారింది. పాలన మారినా పని స్వభావం మారలేదు. దానిని మార్చినది ఇంధనం. చిత్తరంజన్ కర్మాగారం 1972లో దేశంలోని చివరి ఆవిరి ఇంజనును తయారుచేసింది. అది మీటరు గేజి ఇంజనే కావడం విశేషం. డీజిల్ ఇంజన్ల సంరక్షణ గుత్తి, గుంతకల్లు వంటి పెద్ద షెడ్లలో కేంద్రీకృతమైంది. 1992లో దేశవ్యాప్తంగా ఏక గేజి విధానం మొదలైంది. కాట్పాడి, తిరుపతి వైపు మార్గాలు ముందుగా మారగా, పాకాల నుంచి ధర్మవరం వరకు గల సుమారు 228 కిలోమీటర్ల మార్గం దశలవారీగా మారి 2010 నాటికి పూర్తయింది. ప్రయాణికుడికి బండి మారే బాధ, వర్తకుడికి సరుకు మార్చే ఖర్చు తప్పాయి. మూడు మార్గాలూ ఇప్పటికీ పాకాలలోనే కలుస్తున్నాయి. ఇంజను మాత్రం నీటికోసం, నిప్పుకోసం అక్కడ ఆగదు.