అధికారి శిక్షణకు వైద్యపరీక్ష: ప్రమాణాలు, సడలింపులు, పునఃపరీక్షలు

భారత సాయుధ దళాలలో అధికారి కావాలనుకునే అభ్యర్థి రాతపరీక్షలో ఎంత ముందున్నా, ఎంపిక మండలి ఎంత గట్టిగా సిఫారసు చేసినా, వైద్యమండలి తుది మాటగా అనర్హుడని రాస్తే ఆ విడతకు అతని ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు అతని ముందు రెండు ప్రశ్నలు ఒకేసారి నిలుస్తాయి: ఈ లోపానికి మినహాయింపు దొరుకుతుందా, దొరకకపోతే వేరే శిక్షణ మార్గంలో ఇదే దేహం సరిపోతుందా. విశాఖపట్నం ఉత్తర కొసన ఉన్న మధురవాడ ఈ ప్రశ్నలకు చాలా దగ్గరగా ఉన్న ప్రాంతం. తూర్పు నౌకాదళ ప్రధాన కార్యాలయం ఉన్న నగరంలో అది భాగం. పక్కనే కొమ్మాదిలో ఇంజనీరింగ్ కళాశాల, భీమిలి రోడ్డులో ఐఎన్‌ఎస్ కళింగ ఉన్నాయి, జాతీయ రహదారి మీదుగా విజయనగరం వైపు సాగితే కోరుకొండ సైనిక పాఠశాల వస్తుంది. రేవులోనూ ఉక్కు కర్మాగారంలోనూ పనిచేసే కుటుంబాల పిల్లలకు యూనిఫారం కొత్త దృశ్యం కాదు, కానీ ఆ యూనిఫారానికి దేహం ఏ కొలతకు సరిపోవాలో, ఆ కొలత ఎప్పుడు ఎందుకు ఏర్పడిందో వివరించే తెలుగు రచనలు చాలా తక్కువ.

ఈస్టిండియా కంపెనీ తొలి సిపాయి పటాలాలలో తెలుగువారు గణనీయమైన సంఖ్యలో ఉన్నప్పటికీ, పందొమ్మిదవ శతాబ్దం చివరికి ఆ స్థితి పూర్తిగా మారింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి, ఆ తరువాత 1893 వరకు భారత సైన్యానికి సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ దక్షిణాది సైనికులలో యుద్ధపటిమ క్షీణించిందని నమ్మి, ఉత్తరాది, వాయవ్య ప్రాంతాల జాతులకు మొగ్గు చూపాడు. "యుద్ధజాతులు" అనే ఈ సిద్ధాంతం ఎత్తును, ఛాతీని, మేని కట్టును కొలిచి, ఆ కొలతలను పుట్టుకకు ముడిపెట్టింది. దేహప్రమాణం తటస్థమైన శాస్త్రంగా కనిపిస్తూనే ఒక కాలపు పక్షపాతాన్ని మోయగలదనడానికి మన చరిత్రలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

అధికారి పదవి విషయానికి వస్తే, అది మొదటి ప్రపంచయుద్ధం ముగిసేదాకా భారతీయులందరికీ దాదాపు మూసిన తలుపే. 1918 తరువాత ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో ఏడాదికి పది సీట్లు భారతీయులకు కేటాయించారు. అందుకు బాలురను తయారుచేయడానికి 1922లో డెహ్రాడూన్‌లో సైనిక పాఠశాల వెలిసింది. 1925లో నియమితమైన స్కీన్ కమిటీ దేశంలోనే ఒక కళాశాల ఉండాలని సూచించింది. చివరికి 1932లో నలభైమంది కేడెట్లతో డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ మొదలైంది.

ఇక వైద్యమండలి చేతిలోని పనిముట్ల చరిత్ర వేరు. వాటిలో అధిక భాగం యుద్ధరంగానికి బయట పుట్టినవే. గోడకు వేలాడే అక్షరాల పటాన్ని డచ్చి వైద్యుడు హెర్మన్ స్నెలెన్ 1862లో రూపొందించాడు. ఆరోగ్యవంతమైన కన్ను ఆరు మీటర్ల దూరం నుంచి చదవగల వరుసను అభ్యర్థి కూడా ఆరు మీటర్ల నుంచే చదివితే అతని దృష్టి 6/6. ఆరోగ్యవంతమైన కన్ను ముప్ఫైఆరు మీటర్ల నుంచి చదవగల పెద్ద అక్షరాన్ని అతడు ఆరు మీటర్లకు వస్తేగాని చదవలేకపోతే 6/36. రంగుల పరీక్షకు మూలం రైలు పట్టాలు. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా వద్ద జరిగిన రైలు ప్రమాదం తరువాత, సంకేత దీపాల రంగును గుర్తించలేని సిబ్బందిని ముందే కనిపెట్టాలని ఫ్రితియోఫ్ హోల్మ్‌గ్రెన్ రంగు ఉన్ని పోగులతో ఒక పరీక్షను తయారుచేశాడు. రంగురంగుల చుక్కల మధ్య అంకె దాగి ఉండే పలకలను జపాన్ సైనిక వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రచురించాడు. సైన్యంలో చేరేవారిని వడపోయడానికి పుట్టిన ఆ పలకలే నేటికీ మన సైనిక ఆసుపత్రుల బల్లల మీద ఉన్నాయి. వాటితోపాటు, సన్నని రంధ్రం గుండా ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు కాంతులను చూపించే మార్టిన్ లాంతరు పరీక్షను కూడా భారత దళాలు వాడతాయి. రాత్రివేళ విశాఖ రేవులోకి వచ్చే ఓడకు ఎడమ పక్క ఎర్రదీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం ఉంటాయి. వాటిని తారుమారుగా చూసే అధికారి చేతిలో ఓడను పెట్టలేరు కాబట్టి, నౌకాదళం ఈ ఒక్క విషయంలో చూపే పట్టుదలకు బలమైన కారణం ఉంది.

రెండవ ప్రపంచయుద్ధం ఎంపిక పద్ధతిని కదిలించింది. 1939లో నాలుగు వందల లోపే ఉన్న భారతీయ అధికారుల సంఖ్య యుద్ధం ముగిసేసరికి ఎనిమిది వేలు దాటింది. ఆ యుద్ధకాలంలోనే, 1942లో, అధికారిగా చేరిన తెలుగువాడు కె.వి. కృష్ణారావు 1981 నుంచి 1983 వరకు భారత సైన్యాధిపతిగా పనిచేశారు. వేలమంది అధికారులను త్వరగా ఎంచడానికి పాత ముఖాముఖి చాలకపోవడంతో, మానసిక పరీక్షలు, బృంద పరీక్షలు, ఇంటర్వ్యూ కలిసిన ఎంపిక మండలి 1943లో డెహ్రాడూన్‌లో వచ్చింది. నేడు ఎస్‌ఎస్‌బీ అని పిలిచే ఈ వ్యవస్థకు చెందిన నౌకాదళ శాఖ ఒకటి ఇప్పుడు విశాఖలోనే ఉంది. బుద్ధిని, నాయకత్వాన్ని ఒక మండలి, దేహాన్ని మరొక మండలి విడివిడిగా తూచే పద్ధతి స్థిరపడింది అప్పటినుంచే. మొదటిదానిలో నెగ్గినవారిని "రికమెండెడ్" అనీ, రెండవదానిలో ఆగినవారిని "మెడికల్ అవుట్" అనీ అభ్యర్థులు తమలో తాము చెప్పుకుంటారు.

స్వాతంత్ర్యం తరువాత మార్గాలు పెరిగాయి. మూడు దళాల కేడెట్లను కలిపి చదివించే ఏర్పాటు 1949లో డెహ్రాడూన్‌లో మొదలై, 1954 చివరలో పుణె సమీపంలోని ఖడక్‌వాస్లాకు మారి నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) అయింది. దానికి పిల్లలను అందించడానికి రక్షణమంత్రి వి.కె. కృష్ణమేనన్ ఆలోచనగా సైనిక పాఠశాలలు వెలిశాయి, విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు ఇచ్చిన కోరుకొండ కోటలో 1962 జనవరి 18న మన పాఠశాల ప్రారంభమైంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆరో తరగతిలో వైద్యపరీక్ష నెగ్గి చేరిన పిల్లవాడికి పన్నెండో తరగతికి వచ్చేసరికి హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకబారే లోపం, రావచ్చు. ఆ వయస్సులోనే అది పెరుగుతుంది. ఏడేళ్లు ఒకే గమ్యానికి తయారైన పిల్లవాడు దానికి దూరమయ్యేది తరచూ అక్కడే.

1962 చైనా యుద్ధం తరువాత అధికారుల కొరత తీర్చడానికి 1963లో మద్రాసులో ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్ వచ్చింది. 1988 నుంచి దాని పేరు అకాడమీ. వైమానికదళ అకాడమీకి 1967లో హైదరాబాదు దగ్గరి దుండిగల్‌లో శంకుస్థాపన జరిగింది; నౌకాదళ అకాడమీ కొచ్చి, గోవాల మీదుగా 2009లో కేరళలోని ఎళిమలకు చేరింది. పట్టభద్రులు రాసే సీడీఎస్ పరీక్ష దరఖాస్తులో అభ్యర్థి ఈ మూడింటినీ, ఇండియన్ మిలిటరీ అకాడమీనీ కలిపి నాలుగు గమ్యాలను తన ఇష్టం వరుసలో రాయాలి. ఇవి కాక ఇంటర్ తరువాతి సాంకేతిక ప్రవేశం, ఇంజనీర్లకు ప్రత్యేక ప్రవేశాలు, వైమానికదళ ఆఫ్‌క్యాట్, రాతపరీక్ష లేకుండానే ఎస్‌ఎస్‌బీకి పంపే ఎన్‌సీసీ ప్రవేశం ఉన్నాయి. ఎన్‌సీసీ సర్టిఫికెట్ రాతపరీక్షను తప్పిస్తుంది, వైద్యపరీక్షను తప్పించదు.

మార్గాల ఎంపికకూ వైద్యప్రమాణానికీ ఉన్న ముడి ఇక్కడే బయటపడుతుంది. ఇటీవలి ప్రకటనల ప్రకారం ఎన్‌డీఏ ద్వారా సైన్యంలోకి వెళ్లే అభ్యర్థికి హ్రస్వదృష్టి రెండున్నర డయాప్టర్లు దాటకూడదు; డయాప్టర్ అంటే కళ్లజోడు అద్దం శక్తికి కొలమానం. పట్టభద్రుడిగా సీడీఎస్ ద్వారా అదే సైన్యంలోకి వెళ్లేవాడికి మూడున్నర వరకు అనుమతి ఉంది. అంటే మూడు డయాప్టర్ల అద్దం పెట్టుకునే మధురవాడ కుర్రవాడు పద్దెనిమిదేళ్లప్పుడు అనర్హుడు, ఇరవై రెండేళ్లప్పుడు అర్హుడు. వైమానికదళ ఫ్లయింగ్ శాఖ ఒక కంటికి అద్దం లేకుండా 6/6, రెండవదానికి 6/9 కోరుతుంది. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి. కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య, తొడ పొడవు 64 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఈ అంకెలు కాక్‌పిట్ కొలతలకు తగినట్టు ఏర్పడినవి: పెడళ్లకు కాలు అందాలి, ప్రమాదంలో సీటుతో సహా బయటికి ఎగిరినప్పుడు మోకాళ్లు తగలకూడదు. సైన్యానికి, నౌకాదళానికి సాధారణంగా 157 సెంటీమీటర్ల ఎత్తు చాలు. గూర్ఖాలకు, ఈశాన్య రాష్ట్రాల కొండప్రాంతాలవారికి, గఢ్వాల్, కుమావూఁ ప్రాంతాలవారికి అందులోనూ అయిదు సెంటీమీటర్ల సడలింపు ఉంది. భారత నిబంధనలలో మినహాయింపు అనదగింది ఇదే: వ్యక్తికి ఇచ్చేది కాక, ఒక ప్రాంతానికి ముందే రాసి పెట్టినది.

వ్యక్తికి ఉన్న హక్కు మినహాయింపు అడగడం కంటే, మళ్లీ పరీక్షించమని కోరడానికే పరిమితం. సైనిక ఆసుపత్రిలోని మొదటి మండలి అనర్హుడని తేల్చితే, నలభైరెండు రోజులలోపు అపీల్ మండలి ముందు హాజరు కావచ్చు. మండలి భాషలో "టీఆర్" అంటే తాత్కాలిక అనర్హత: చెవిలో గులిమి, మొలలు, వరిబీజం, బరువు హెచ్చుతగ్గులు, టాన్సిల్స్ వంటి సరిదిద్దుకోగలవి. "పీఆర్" అంటే శాశ్వత అనర్హత. అపీల్‌లోనూ నిరాశ ఎదురైతే, ఒక్క రోజులోపు సమీక్షామండలిని కోరవచ్చు గాని, అది హక్కు కాదనీ, సాయుధ దళాల వైద్యసేవల డైరెక్టర్ జనరల్ విచక్షణకు లోబడిందనీ ప్రకటనలోనే రాసి ఉంటుంది. మూడు మెట్లలోనూ అడిగే ప్రశ్న ఒకటే: లోపం ఉందా, లేదా. లోపం ఉన్నా ఈ అభ్యర్థి పని చేయగలడా అనే ప్రశ్నకు ఆ బల్ల మీద చోటు లేదు.

అమెరికాలో ఈ రెండు ప్రశ్నలనూ వేరుచేశారు. అక్కడ రక్షణశాఖ వైద్యపరీక్షల సమీక్షామండలి అభ్యర్థి ప్రమాణానికి సరిపోతాడా లేదా అన్నది మాత్రమే చెబుతుంది; సరిపోకపోతే, మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది వెస్ట్‌పాయింట్, అన్నాపొలిస్ వంటి అకాడమీలు, విశ్వవిద్యాలయాలలో సాగే ఆర్‌ఓటీసీ కార్యక్రమాల తరఫున ఆయా దళాల అధికారులు విడివిడిగా నిర్ణయిస్తారు. అందువల్ల చిన్నప్పుడు ఉబ్బసం ఉన్న ఒకే విద్యార్థికి ఒక కార్యక్రమం తలుపు తెరిచి, మరొకటి మూయవచ్చు. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలు రెండు మూడు కార్యక్రమాలకు ఒకేసారి దరఖాస్తు చేయడంలో అర్థం ఉంది. వేలాదిమంది పోటీపడే మన వ్యవస్థలో వ్యక్తిగత విచక్షణ సిఫారసులకు దారితీస్తుందనే భయం నిజమైనదే. అయినా కారణాన్ని రాతలో చెప్పి నిర్ణయించే పరిమిత విచక్షణను ప్రయత్నించి చూడకపోవడానికి ఆ భయం ఒక్కటే చాలదు.

ప్రమాణాలు కదలవనే మాటను వైద్యశాస్త్రమే కొట్టివేసింది. లేజరుతో కంటి ముందరి పారదర్శక పొరను సరిదిద్దే లాసిక్ శస్త్రచికిత్సను పట్టభద్ర ప్రవేశాలలో షరతులతో అంగీకరిస్తున్నారు: చికిత్స ఇరవై ఏళ్లు నిండాక జరగాలి, తరువాత పన్నెండు నెలలు గడవాలి, పొర మందం 450 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో సగానికి కాస్త తక్కువకు, తగ్గకూడదు. ఇది తెలియక, పద్దెనిమిదేళ్లకే తొందరపడి చికిత్స చేయించుకున్నవారు ఎన్‌డీఏ, పట్టభద్ర ప్రవేశం అనే రెండు దారులూ పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

న్యాయస్థానాలు మాత్రం వైద్యమండలి నిర్ణయంలో సాధారణంగా జోక్యం చేసుకోవు; దళాల అవసరం దళాల వైద్యులకే తెలుసని వాటి వైఖరి. ప్రమాణాన్ని వర్తింపజేసిన తీరే అన్యాయమైతే అది వేరు. 1992లో మద్రాసు అకాడమీలో అడుగుపెట్టిన మహిళలు శాశ్వత కమిషన్ కోసం పోరాడినప్పుడు, మనస్థితి, వినికిడి, అవయవాలు, శారీరక శక్తి, కంటిచూపు అనే అయిదు అంశాలను కొలిచే "షేప్" వర్గీకరణలో అత్యున్నత స్థాయిని నడివయస్సులో ఉన్నవారినుంచి కోరడం తగదని సుప్రీంకోర్టు 2021 మార్చి 25న తీర్పు చెప్పింది. వారి తోటి పురుషులను అదే ప్రమాణంతో ఎన్నో ఏళ్ల ముందు, యౌవనంలో కొలిచారు. అదే ఏడాది ఆగస్టు ఉత్తర్వుతో ఎన్‌డీఏ తలుపులు మహిళలకు తెరుచుకోగా, తొలి మహిళా కేడెట్లు 2025 మే 30న శిక్షణ పూర్తిచేశారు. సేవలో గాయపడినవారి పట్ల సైన్యం వైఖరి వేరు: 1971 యుద్ధంలో కాలు కోల్పోయిన ఇయాన్ కార్డోజో కృత్రిమ కాలితోనే బెటాలియన్‌కు నాయకత్వం వహించి మేజర్ జనరల్ అయ్యారు. సేవలో ఉన్నవాడి విషయంలో సైన్యం చూడగలిగిన సామర్థ్యాన్ని, ప్రవేశద్వారం దగ్గర చూడలేకపోతోంది. శిక్షణలోనే గాయపడి ఇంటికి పంపబడిన కేడెట్లు ఈ రెండింటికీ మధ్య చిక్కుకున్నారు. వారి దుస్థితిని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తనంతట తానుగా విచారణకు తీసుకున్నాక, మాజీ సైనికుల వైద్యపథకాన్ని వారికీ వర్తింపజేశారు.

కనుక దళాలు ప్రతి ప్రమాణం పక్కన దాని కారణాన్ని, అది ఏ పనికి అవసరమో, తెలుగుతో సహా ప్రాంతీయ భాషలలో ప్రకటించాలి. కోరుకొండలోనూ, ఎన్‌సీసీ ఉన్న ప్రతి కళాశాలలోనూ ఏటా కంటి, రంగుల పరీక్షలు జరిపి ఫలితాన్ని విద్యార్థికి రాతలో ఇవ్వాలి. దరఖాస్తులో అకాడమీల వరుస నింపబోయే యువతీయువకులు ముందుగా ఒక కంటివైద్యుని, ఒక ఎముకల వైద్యుని దగ్గర తమ కొలతలు తెలుసుకుని, ఆ తరువాతే కలం పట్టాలి.